ఎదకు రాని ఒంగోలు పెయ్య, దాని రక్తంలో తోడబుట్టిన కోడె క్రోమోజోములు

ముందు కేసు ఏంటో చెప్పేస్తాను. ప్రకాశం జిల్లా, గుండ్లకమ్మ ఒడ్డున ఒక ఊరు. ఒంగోలు జాతి పెయ్య, వయసు మూడున్నరేళ్లు. ఎత్తు, మూపురం, గంగడోలు, తెల్లటి ఒళ్లు, దేనికీ వంక పెట్టలేం. కానీ ఇంతవరకు ఒక్కసారి కూడా ఎదకు రాలేదు. తీగ వేయలేదు, అరవలేదు, పక్క పశువు మీదకి ఎక్కలేదు, కోడెను దగ్గరికి తోలితే అది వాసన చూసి పక్కకు పోతోంది. రైతు అప్పటికే చేయగలిగినవన్నీ చేశాడు. నట్టల మందు తాగించాడు, మినరల్ మిక్చర్ పెట్టాడు, ఎవరో చెబితే మొలకెత్తిన శనగలు నెలల తరబడి పెట్టాడు, ఎద సూదులు కూడా వేయించాడు. ఏ మార్పూ లేదు.

ఒంగోలు పశువుతో ఇక్కడే చిక్కు. ఇది సహజంగానే ఆలస్యంగా ఎదకొచ్చే జాతి. జెర్సీ సంకరం పెయ్య ఏడాదిన్నరకే ఎదకొస్తే మన ఒంగోలు పెయ్యకు రెండున్నర, మూడేళ్లు పట్టినా ఎవరూ ఆశ్చర్యపోరు. అందుకే రైతు ఓపిక పడతాడు, మేము కూడా మేత సరిచేసి ఇంకో ఆరు నెలలు చూద్దాం అంటాం. అట్లా చూస్తూ చూస్తూ మూడేళ్లు దాటిపోతాయి, జొన్న చొప్ప, వరిగడ్డి, తవుడు అన్నీ కొనిపెట్టే రైతుకి అదెంత ఖర్చో లెక్కేస్తే మనకే బాధేస్తుంది.

నిజానికి నన్ను పిలిచింది ఈ పెయ్య కోసం కాదు. దీని తల్లిని అమ్మేద్దామని, దానికి ఆరోగ్య సర్టిఫికెట్ కావాలని పిలిచారు. ఎందుకు అమ్ముతున్నావయ్యా, నాలుగు ఈతలు శుభ్రంగా ఈనిన ఆవు కదా అని అడిగితే, "దాని రక్తంలోనే తేడా ఉంది డాక్టరు గారూ. దాని కడుపున పుట్టింది గొడ్డుపోయింది చూడండి. రేపు పుట్టే పెయ్యలు కూడా ఇంతే అయితే నేనెక్కడ మేపేది?" అన్నాడు. పైగా ఏ ఆంబోతుతో కట్టించాడో ఆ ఆంబోతు మీద కూడా అనుమానం, ఊళ్లో ఇంకో ఇద్దరు దాన్ని మానేశారట. మంచి ఒంగోలు ఆవులు చేతుల్లోంచి జారిపోతున్న రోజుల్లో, బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లలో పెంచుకుంటున్న జాతిని సొంత జిల్లాలోనే ఒక అనుమానం మీద వదిలించుకోవడం నాకు మింగుడు పడలేదు. అందుకే ఈ కేసును ఇంత వివరంగా రాస్తున్నాను.

మాటల మధ్యలో రైతు కొడుకు, బండ లాగుడు పందేలంటే ప్రాణం పెట్టే కుర్రాడు, పక్క గుంజకు కట్టేసిన కోడెను చూపించి "సార్, ఇదీ దీంతో పాటు పుట్టిందే, ఇదెట్టుందో చూడండి" అన్నాడు. కేసు తిరిగింది ఆ మాటతోనే. ఆవు కవలల్ని ఈనింది, ఒకటి కోడె, ఒకటి పెయ్య. పశువైద్యం చదివిన వాళ్లెవరికైనా ఆ మాట వినగానే ఫ్రీమార్టిన్ గుర్తొస్తుంది. కోడెతో కవలగా పుట్టిన పెయ్యల్లో పదింట తొమ్మిది గొడ్డుపోతాయి, అలాంటి పెయ్యనే ఫ్రీమార్టిన్ అంటారు. మన దగ్గర ఆవులు కవలల్ని ఈనడమే అరుదు కాబట్టి రైతులకు ఈ సంగతి పెద్దగా తెలియదు.

పరీక్ష చేశాను. బయటికి చూస్తే మానం చిన్నగా ఉంది, కింది కొసన వెంట్రుకలు మామూలు కంటే పొడుగ్గా కుచ్చుగా ఉన్నాయి. చన్నులు నాలుగూ ఉన్నాయి గానీ ఆరు నెలల దూడకున్నంతే, పొదుగు కట్టే జాడ లేదు. నూనె రాసిన గాజు గొట్టాన్ని నెమ్మదిగా లోపలికి పోనిస్తే సుమారు తొమ్మిది సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. ఈ వయసు పెయ్యలో అది పాతిక సెంటీమీటర్లయినా పోవాలి. వెనక వైపు నుంచి చెయ్యి పెట్టి చూస్తే గర్భాశయ ముఖద్వారం తగల్లేదు, గర్భసంచి ఉండాల్సిన చోట తాడు లాంటిదేదో సన్నగా వేళ్లకు తగిలింది, అండాశయాలు ఉన్నాయో లేవో తేల్చుకోలేనంత చిన్నవి. ఎద సూదులు ఎందుకు పనిచేయలేదో అక్కడే అర్థమైపోయింది. సూది పంపిన సంకేతం అందుకోవడానికి అవతల అండాశయం ఉంటే గదా.

చేతికి తగిలిన దాన్ని బట్టే తొంభై శాతం చెప్పేయొచ్చు. అయినా నేను రక్తం తీసి పంపుదామన్నాను, దానికి రెండు కారణాలు. ఒకటి, ఇలాంటి లోపలి అవయవాలు వేరే కారణాలతో కూడా రావచ్చు. ఒక ఎక్స్ క్రోమోజోమ్ లేకపోవడం, ఒకటి ఎక్కువ ఉండటం, లేదా పుట్టుకతోనే ఎక్స్‌వై ఉండి బయటికి ఆడదిగా కనిపించడం. అవైతే కథ వేరు, వాటిలో కొన్నింట్లో రైతు అనుమానానికి కొంత ఆధారం ఉండొచ్చు. రెండోది, "నీ ఆవు రక్తం మంచిదే" అని నేను నోటితో చెబితే ఆయన నమ్మడు, కాగితం మీద చూపిస్తే నమ్ముతాడు.

పెయ్య మెడ దగ్గర నరం నుంచి రెండు ట్యూబుల్లో రక్తం తీశాను. ఆకుపచ్చ మూత ట్యూబ్ హెపారిన్‌ది, క్రోమోజోముల కోసం. ఊదా మూతది ఈడీటీఏ, డీఎన్ఏ పరీక్ష కోసం. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ ముఖ్యం. క్రోమోజోముల పరీక్షకు కణాలు ప్రాణంతో చేరాలి, ఎందుకంటే అవి ల్యాబ్‌లో పెరిగి విడిపోవాలి. డీఎన్ఏ పరీక్షకు ఆ అవసరం లేదు, కణం చచ్చినా అందులో డీఎన్ఏ ఉంటే చాలు. హెపారిన్ ట్యూబ్‌ను చల్లగా ఉంచాలి, కానీ మంచుగడ్డలా బిగుసుకుపోనివ్వకూడదు, మర్నాటికల్లా ల్యాబ్‌కు చేర్చాలి. వీటితో పాటు తోక కుచ్చు నుంచి కుదుళ్లతో సహా కొన్ని వెంట్రుకలు పీకి విడి కవర్లో పెట్టాను. అవెందుకో తర్వాత చెబుతాను. కోడె రక్తం కూడా తీశాం, వాడు మాత్రం ఊరికే ఒప్పుకోలేదు, నలుగురు పట్టాల్సి వచ్చింది.

నాతో పాటు చదువుకున్నావిడ అలాంటి ల్యాబ్‌లోనే పనిచేస్తుంది కాబట్టి మొత్తం దగ్గరుండి చూసే అవకాశం దొరికింది. కణ చక్రం గురించి పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా అర్థంకానిది అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

రక్తంలో ఎర్ర కణాలకు కేంద్రకమే ఉండదు, అంటే డీఎన్ఏ ఉండదు, క్రోమోజోములూ ఉండవు. మనకు పనికొచ్చేవి తెల్ల కణాలు, అందులోనూ లింఫోసైట్లు. కానీ ఒంట్లో తిరిగే లింఫోసైట్ విభజన మానేసి ఉంటుంది, దాన్ని జీ0 దశ అంటారు. ఆ స్థితిలో మైక్రోస్కోప్ కింద పెడితే గుండ్రటి కేంద్రకం తప్ప ఏమీ కనపడదు. డీఎన్ఏ అంతా దారప్పోగుల్లా విప్పుకుని ఉంటుంది, ఏది ఏ క్రోమోజోమో చెప్పలేం. అందుకే దాన్ని లేపాలి. పోషక ద్రవంలో కొన్ని చుక్కల రక్తం వేసి, చిక్కుడు జాతి గింజ నుంచి తీసే ఫైటోహీమగ్లూటినిన్ అనే పదార్థం కలిపి, పశువు ఒంటి వేడికి దగ్గరగా ఇంక్యుబేటర్లో పెడతారు. శరీరంలోకి ఏదో శత్రువు వచ్చిందనుకుని లింఫోసైట్ మేల్కొంటుంది.

లేచిన కణం ముందు జీ1లోకి వస్తుంది, పెరుగుతుంది, ప్రొటీన్లు తయారుచేసుకుంటుంది. తర్వాత ఎస్ దశ, అసలు పని అక్కడే. పశువు డీఎన్ఏ ఒక్క వరసలో దాదాపు 270 కోట్ల అక్షరాల జతలు, తల్లి నుంచొకటి తండ్రి నుంచొకటి కాబట్టి ప్రతి కణంలో రెండు వరసలు. ఆ మొత్తానికి ఇంకో ప్రతి తయారవ్వాలి. రెండు పోగుల నిచ్చెన మధ్యలో విడిపోతుంది, ప్రతి పోగు పక్కన ఏ ఎదురుగా టీ, జీ ఎదురుగా సీ వచ్చి కూర్చుంటాయి, చివరికి రెండు నిచ్చెనలు అవుతాయి. ఇదంతా సుమారు ఎనిమిది గంటల్లో. ఆ తర్వాత జీ2, రాసిందాంట్లో తప్పులున్నాయేమో చూసుకుని దిద్దుకునే సమయం. ఆఖరున ఎం, అంటే విభజన, గంటా గంటన్నరలో అయిపోతుంది. మనకు కావాల్సింది ఆ గంటలో ఒక ముక్క మాత్రమే. క్రోమోజోములు బాగా చుట్టుకుని, పొట్టిగా లావుగా అయి, కణం నడుమ వరసగా నిలబడే మెటాఫేజ్ దశ.

డెబ్బై రెండు గంటలు పెంచాక చివర్లో కాల్చిసిన్ కలుపుతారు. క్రోమోజోముల్ని చెరోవైపు లాగే సన్నటి పోగులు కట్టుకోకుండా ఇది అడ్డుపడుతుంది, దాంతో కణాలన్నీ మెటాఫేజ్ దగ్గరే ఆగిపోతాయి. మన చేలగట్ల మీద వానాకాలంలో ఎర్రగా పసుప్పచ్చగా పూసే అడవినాభి ఉంది చూడండి, దాని దుంపలోనూ గింజలోనూ ఉండే విషం ఇదే. పశువు దాన్ని తింటే పేగుల్లో, ఎముక మజ్జలో వేగంగా విభజన చెందే కణాలు ముందు దెబ్బతినేది ఇందుకే.

తర్వాత కణాల్ని పలచటి పొటాషియం క్లోరైడ్ నీళ్లలో ఉబ్బనిచ్చి, మిథనాల్, అసిటిక్ ఆమ్లం మూడు పాళ్లకు ఒక పాలు కలిపిన ద్రావణంలో గట్టిపరిచి, తడి గాజు పలక మీదకి కాస్త ఎత్తు నుంచి చుక్క వదులుతారు. ఆవిడ చెయ్యి ఎత్తి చుక్క వదలగానే అది పలక మీద గుండ్రంగా పరుచుకుంది, అంచుల్లో క్షణం పాటు ఇంద్రధనుస్సు రంగులు కనపడ్డాయి, ఆరిపోయింది. గీమ్సా రంగు వేసి, నూనె చుక్క పెట్టి వంద రెట్ల లెన్స్ కింద చూస్తే ఊదా రంగులో క్రోమోజోములు చెదిరి కనిపించాయి.

ఇక్కడ మా విద్యార్థులు ఎప్పుడూ తికమకపడే సంగతొకటి చెప్పాలి. ఎస్ దశలో డీఎన్ఏ రెట్టింపైంది కదా, మరి క్రోమోజోములు 120 ఉండాలి గదా అంటారు. ఉండవు, 60 మాత్రమే. రెండు ప్రతులు సెంట్రోమియర్ అనే ఒక చోట అతుక్కునే ఉంటాయి, ఒక్కో ప్రతిని క్రొమాటిడ్ అంటాం, ఆ జంటనంతా ఒకే క్రోమోజోమ్‌గా లెక్కపెడతాం. సెంట్రోమియర్ దగ్గర విడిపోయి చెరో వైపు వెళ్లాకే కొత్త కణానికి 60, ఇంకో కణానికి 60.

ఆవుకి 60 క్రోమోజోములు, మనిషికి 46, గేదెల్లో ముర్రాకి 50. ఆవు క్రోమోజోముల్లో ఒక సుగుణం ఉంది. 29 జతల మామూలు క్రోమోజోములన్నిటికీ సెంట్రోమియర్ ఒక కొసన ఉంటుంది, ఎక్స్‌కి మాత్రం నడుమకు దగ్గరగా ఉంటుంది, పైగా అది పెద్దది. కాబట్టి ఎక్స్‌ని ఎవరైనా పట్టేయొచ్చు. వై దగ్గరే ఒంగోలు జాతి ఇబ్బంది పెడుతుంది. హోల్‌స్టీన్, జెర్సీ లాంటి సీమ జాతుల్లో వై చిన్నదైనా సెంట్రోమియర్ నడుమన ఉంటుంది, చూడగానే దొరుకుతుంది. మూపురం ఉన్న మన జాతుల్లో వై సెంట్రోమియర్ కూడా కొసనే, అందుకని అది మిగతా చిన్న క్రోమోజోముల గుంపులో కలిసిపోతుంది. మరి ఎట్లా? వైని వెతకొద్దు, ఎక్స్‌లు లెక్కపెట్టమంది ఆవిడ. రెండు పెద్ద ఎక్స్‌లుంటే ఆ కణం ఆడది. ఒక్కటే ఉండి మొత్తం 60 సరిపోతే మిగిలినది వై, కణం మగది. ఒక్కటే ఉండి మొత్తం 59 అయితే అది వేరే జబ్బు.

పెయ్య పలకలు చూశాం. మొదటి కణం, రెండు ఎక్స్‌లు. రెండోది, రెండు. మూడో దాంట్లో ఒక్కటే ఉంది, మొత్తం లెక్కపెడితే 60. ఇంకొంచెం జరిపితే మళ్లీ ఒకటే. అట్లా 50 కణాలు చూస్తే దాదాపు మూడో వంతు మగ కణాలు. ఆ కణాలు ఈ పెయ్యవి కావు, దాని తోడబుట్టిన కోడెవి. కోడె పలకలు చూస్తే అక్కడా ఇదే రకం కలగలుపు, వాడి రక్తంలో చెల్లెలి ఎక్స్‌ఎక్స్ కణాలు తిరుగుతున్నాయి. ఏ కణంలోనూ సంఖ్య తగ్గలేదు, పెరగలేదు. 1, 29 నంబర్ క్రోమోజోములు అతుక్కుపోవడం అనే లోపం ఒకటుంది, 1964లో స్వీడన్‌లో గుస్తావ్‌సన్ బయటపెట్టింది, తరతరాలకూ పాకుతుంది, చూలు నిలిచే అవకాశాన్ని తగ్గిస్తుంది. అది కూడా లేదని తేలింది. రైతు భయపడింది సరిగ్గా అలాంటి దాని గురించే కాబట్టి ఈ మాట రిపోర్టులో విడిగా రాయించాను.

ఇక వెంట్రుకల సంగతి. అమెలోజెనిన్ అనే జన్యువు ఎక్స్ మీదా ఉంటుంది, వై మీదా ఉంటుంది, వై మీదున్న ప్రతిలో ఒకచోట 63 అక్షరాలు తక్కువ. పీసీఆర్‌తో ఆ ముక్కను మాత్రం పదేపదే రెట్టింపు చేస్తే (ముప్పై సార్లు రెట్టింపైతే ఒక్క ముక్క సిద్ధాంతప్రకారం 107 కోట్లవుతుంది) ముక్కల్ని పొడవును బట్టి వేరుచేసే జెల్ మీద ఆడదానికి ఒక గీత, మగదానికి రెండు గీతలు వస్తాయి. పెయ్య రక్తంలో రెండు గీతలు. అదే పెయ్య వెంట్రుక కుదుళ్లలో ఒకటే గీత. నా దృష్టిలో ఈ కేసు మొత్తానికి గుండెకాయ ఇదే. పెయ్య తన ఒంట్లో నూటికి నూరు పాళ్లు ఆడదే, ఎక్స్‌ఎక్స్. మగ కణాలు రక్తంలోకి బయట నుంచి వచ్చినవి.

ఎట్లా వచ్చాయి? కోడె, పెయ్య కవలలంటే అవి ఎప్పుడూ రెండు అండాల నుంచి పుట్టినవే, ఒకే పిండం రెండుగా చీలితే రెండూ కోడెలో, రెండూ పెయ్యలో అవుతాయి. ఆ ఆవు ఒకే ఎదలో రెండు అండాలు విడుదల చేసింది. క్షయకరణ విభజనలో 60 కాస్తా 30 అయి తయారైన వీర్యకణాల్లో ఎక్స్ మోసుకొచ్చినదొకటి, వై మోసుకొచ్చినదొకటి చెరో అండాన్ని కలిశాయి. అక్కడిదాకా అంతా మామూలే. ఆవు గర్భంలో పక్కపక్కన పెరిగే కవలల మాయలు మొదటి రెండు నెలల్లోపే ఒకదానికొకటి అతుక్కుంటాయి, వాటి రక్తనాళాలు కలిసిపోతాయి. ఇటు రక్తం అటు, అటుది ఇటు. రక్తాన్ని తయారుచేసే మూలకణాలు కూడా దాటిపోయి అవతలి దూడ ఎముక మజ్జలో స్థిరపడతాయి, అందుకే మూడున్నరేళ్ల తర్వాత కూడా మనకు దొరికాయి.

అయితే పెయ్య గర్భసంచిని పోగొట్టింది ఆ కణాలు కాదు. అవి సాక్ష్యం మాత్రమే. పోగొట్టింది ఒక హార్మోను, ఇక్కడ ఆర్ఎన్ఏ కథలోకి వస్తుంది.

ప్రతి కణంలోనూ 20 వేలకు పైగా జన్యువులున్నా అన్నీ అన్నిచోట్లా పనిచేయవు. రిజిస్ట్రార్ ఆఫీసులో అసలు దస్తావేజు కదలదు, మనకు కావలసిన పేజీకి నకలు తీసి ఇస్తారు, పని నడిచేది ఆ నకలుతో. డీఎన్ఏ కేంద్రకం దాటి రాదు, ఏ జన్యువు అవసరమో దానికి ఆర్ఎన్ఏ నకలు తయారై బయటికొస్తుంది, అందులో టీ బదులు యూ ఉంటుంది, రైబోజోమ్ ఆ నకలును మూడేసి అక్షరాలుగా చదువుకుంటూ ప్రొటీన్ కడుతుంది. నకలు తీయని జన్యువు ఉన్నా లేనట్టే.

కోడె పిండంలో సుమారు నలభయ్యో రోజు దగ్గర వై మీదున్న ఎస్ఆర్‌వై జన్యువుకు నకలు తయారవుతుంది. 1990లో లండన్‌లో కనిపెట్టిన ఈ జన్యువు చిన్నదే, పని మాత్రం పెద్దది. దాని ప్రొటీన్ వెళ్లి వేరే క్రోమోజోమ్ మీదున్న సాక్స్9 అనే జన్యువును లేపుతుంది, దాంతో పిండంలో అప్పటిదాకా ఆడా మగా తేలని గ్రంథి వృషణంగా మారుతుంది. వృషణంలోని సెర్టోలీ కణాలు ఇంకో జన్యువుకు నకళ్లు తీసి ఏఎంహెచ్ అనే హార్మోను వదులుతాయి. గర్భసంచిగా మారాల్సిన ముల్లేరియన్ నాళాల్ని కరిగించేయడం దాని పని. మగ పిండానికి గర్భసంచి అక్కర్లేదు కాబట్టి అది సబబే. కానీ నాళాలు కలిసిపోయాయి కదా, ఆ హార్మోను చెల్లెలి ఒంట్లోకీ వెళ్లింది. అక్కడ కూడా తన పని తను చేసేసింది.

గమనించాల్సిందేమిటంటే, ఏఎంహెచ్ జన్యువు పెయ్య కణాల్లో కూడా ఉంది, చెక్కుచెదరకుండా ఉంది. తన పిండ దశలో తన కణాలు దానికి నకలు తీయలేదు, తీయకూడదు కూడా. పక్కవాడు తీసిన నకలు నుంచి పుట్టిన హార్మోను వచ్చి దెబ్బకొట్టింది. తల్లి జన్యువుల్లో తప్పు లేదు, ఆంబోతు వీర్యంలో తప్పు లేదు, పెయ్య డీఎన్ఏలో కూడా ఒక్క అక్షరం తప్పు లేదు. పుట్టుకతో వచ్చిన లోపం అనగానే వంశంలో వచ్చిన లోపం అనుకుంటాం, ఈ రెండూ వేరువేరని రైతుకి, రైతుకంటే ముందు మన పశుసంవర్ధక సిబ్బందికి అర్థం కావాలి. ఎన్ని మంచి ఆవులు ఈ ఒక్క గందరగోళం వల్ల సంతకు వెళ్తున్నాయో.

ఈ సంగతి తేలడానికి చాలా కాలమే పట్టింది. ఇంగ్లండ్‌లో జాన్ హంటర్ 1779లోనే ఇలాంటి పెయ్యల్ని కోసి చూసి లోపల ఏముందో రాశాడు. హార్మోను రక్తంలో దాటి వస్తుందని షికాగోలో ఫ్రాంక్ లిల్లీ 1916లో చెప్పాడు. 1945లో విస్కాన్సిన్‌లో రే ఓవెన్ కవల దూడల రక్తంలో రెండు రకాల ఎర్ర కణాలున్నాయని, అవి బతికినంతకాలం అట్లానే ఉంటాయని చూపించాడు. పరాయి కణాల్ని ఒళ్లు ఎందుకు తరిమేయలేదు అన్న ప్రశ్న అక్కణ్నుంచే బలంగా మొదలైంది, దాని మీద పనిచేసిన మెడావర్, బర్నెట్‌లకు 1960లో నోబెల్ వచ్చింది. ఇవాళ మనిషికి కిడ్నీ మార్చే వైద్యానికి ఒక వేరు కవల దూడల కొట్టంలో ఉంది, మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఇది గర్వంగా ఉంటుంది.

రిపోర్టు పట్టుకుని వెళ్లి కూర్చుని చెప్పాను. రైతు శ్రద్ధగా విని, మంచి ప్రశ్నే వేశాడు. "మరి మా మేకలు ఎప్పుడూ ఆడా మగా జంటగానే ఈనతాయి గదండీ, వాటికేం కాదే?" నిజమే, మేకల్లో కవలలు సర్వసాధారణం, అదే నియమం అక్కడా ఉంటే మేకల మందలే మిగలవు. మేకల్లో, గొర్రెల్లో మాయలు పక్కపక్కనే ఉన్నా రక్తనాళాలు కలవడం చాలా అరుదు. అందుకే వాటికి ఈ బెడద దాదాపు లేదు. కొమ్ముల్లేని సానెన్ జాతి మేకల్లో ఆడా మగా కాని పిల్లలు పుట్టడం ఉంది గానీ అక్కడ కారణం వేరు, వాటి డీఎన్ఏలోనే ఒక ముక్క ఊడిపోయి ఉంటుంది, అది వంశంలో నడుస్తుంది. బయటికి ఒకేలా కనిపించే రెండు జబ్బుల్లో ఒకటి వంశపుది, ఒకటి కాదు. పరీక్ష లేకుండా చెప్పలేకపోవడం ఇందుకే.

అప్పటిదాకా వసారాలో నిలబడి వింటున్న ఆయన భార్య నెమ్మదిగా అడిగింది. "అయ్యా, మా పెద్దమ్మాయికి కవలలు. పాప, బాబు. ఆ పాపకి కూడా..." ఆమె మాట పూర్తిచేయలేదు. నేను ఇంతసేపు మాయలు, నాళాలు అని చెబుతుంటే ఆమె మనసులో ఏం నడుస్తోందో అప్పుడు తెలిసింది.

"భయపడొద్దమ్మా, మనుషుల్లో అట్లా జరగదు" అని ముందు చెప్పేసి తర్వాత వివరించాను. మనుషుల్లో ఆడా మగా కవలలు రెండు అండాల నుంచే వస్తారు గానీ ఎవరి మాయ వాళ్లది. రెండు మాయలు ఆనుకుని ఉన్నా రక్తనాళాలు మామూలుగా విడిగానే ఉంటాయి. ఆవుల్లోలాగా నాళాలు కలిసిపోవడం మామూలుగా జరగదు. తమ్ముడితో, అన్నతో కవలగా పుట్టిన ఆడపిల్లలు అందరిలాగే పెద్దమనుషులవుతారు, పిల్లల్ని కంటారు. "ఈ విషయం పాప ముందు ఎప్పుడూ ఎత్తకండి, ఊళ్లో ఎవరైనా పెయ్యను చూపించి అంటే నా పేరు చెప్పండి" అన్నాను. రేపు పెళ్లి మాటల దగ్గర ఇలాంటివే అడ్డొస్తాయి, పశువుకి వర్తించేది మనిషికి అంటగట్టి ఒక ఆడపిల్ల జీవితం పాడుచేయడం కంటే ఘోరం లేదు. ఆమె కళ్లు తుడుచుకుని లోపలికెళ్లి మజ్జిగ తెచ్చింది.

ఇక ఏం చేశామో చెబుతాను. పెయ్యకు వైద్యం లేదు. లేని గర్భసంచిని ఏ సూదీ పుట్టించలేదు, కాబట్టి ఇక దాని మీద మందుల ఖర్చు పెట్టొద్దని స్పష్టంగా చెప్పాను. కాడికి అలవాటు చేయొచ్చు, ఒంగోలు పశువుకి ఆ బలం ఉంటుంది, రైతు కొడుకు సన్నకారు చేలో గుంటక తోలడానికి వాడుకుంటానన్నాడు. కోడె సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. సాధారణంగా ఇలాంటి కోడెలకు సంతానం కలుగుతుంది, కానీ వాటిలో కొన్నింటికి వీర్యం నాణ్యత తక్కువగా ఉన్నట్టు నమోదైంది. పందెం వరకైతే ఏ అభ్యంతరమూ లేదు, ఆంబోతుగా వాడాలంటే మాత్రం వీర్యం పరీక్ష చేయించాకే వదలమన్నాను. వాడి రక్తంలోని చెల్లెలి కణాలు పిల్లలకు పోవు, వంశానికి వెళ్లేది వీర్యకణంలోని 30 క్రోమోజోములే.

కవలలు పుట్టిన ఇళ్లకు నేను చెప్పేది ఒకటే. ఒకటి కోడె, ఒకటి పెయ్య అయితే మూడేళ్లు ఆగకండి. పెయ్యకు నెల నిండేలోపు డాక్టరుతో లోతు కొలిపించండి. బాగున్న దూడలో పదమూడు, పదిహేను సెంటీమీటర్లు ఉంటుంది, ఫ్రీమార్టిన్‌లో అయిదారు దాటదు. అనుమానంగా ఉంటే ఊదా మూత ట్యూబ్‌లో కాస్త రక్తం చాలు. పదింట ఒక పెయ్య తప్పించుకుంటుంది కూడా, నాళాలు కలవకపోతేనో ఆలస్యంగా కలిస్తేనో, దాన్ని తొందరపడి వదిలించుకుంటే అదీ నష్టమే. కవలల్లో ఒకటి మధ్యలోనే పోయి పెయ్య ఒక్కటే పుట్టిన సందర్భాలు కూడా ఉంటాయి. తోడు ఎవరూ లేకుండా పుట్టిన పెయ్య ఎదకు రాకపోయినా ఈ పరీక్ష గుర్తుపెట్టుకోవాలి.

తల్లి ఆవును అమ్మలేదు. సర్టిఫికెట్ కోసం తెచ్చిన కాగితం వెనక్కి పట్టుకెళ్లాను. ఆ తర్వాత ఎదలో దాన్ని అదే ఆంబోతుతో కట్టించారు, మూడు నెలలకు చెయ్యి పెట్టి చూస్తే చూడి నిలిచింది, ఒకటే దూడ.